సగం మాత్ర అనుకుని రెండు వేసుకుంటున్నారు

ప్రశ్న: నా వయసు 59. ఆరేళ్లుగా బీపీకి ఆమ్లోడిపిన్ 5 మి.గ్రా. వాడుతున్నాను. నాలుగు నెలల క్రితం మందుల దుకాణంలో అది లేదని ఎస్-ఆమ్లోడిపిన్ 2.5 మి.గ్రా. ఇచ్చారు. మోతాదు సగమే కదా అని రోజూ రెండేసి వేసుకుంటున్నాను. ఈ మధ్య సాయంత్రానికి పాదాలు వాస్తున్నాయి, లేచి నిలబడితే తల తిరుగుతోంది. మోకాళ్ల నొప్పికి అప్పుడప్పుడు డైక్లోఫెనాక్ వేసుకుంటాను. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువుతున్న మా అబ్బాయి, కొత్త మాత్రలో పనిచేసే రూపం ఒక్కటే ఉంటుందని, దుష్ప్రభావాలు ఉండవని అంటున్నాడు. నిజమేనా? ఆ రూపాన్ని ఎలా వేరుచేస్తారు?
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: మీ ఉత్తరంలో ‘రెండేసి’ అన్న మాట దగ్గరే ఆగిపోయాను. మామూలు ఆమ్లోడిపిన్‌లో ఒకే అణువు కుడిచెయ్యి, ఎడమచెయ్యిలాంటి రెండు రూపాల్లో సగం సగం ఉంటుంది. బీపీని దించేది దాదాపుగా ఎస్ రూపమే. అందుకే 2.5 మి.గ్రా. ఎస్-ఆమ్లోడిపిన్ పాత 5 మి.గ్రా. మాత్రకు సమానం. అంటే మీరు నాలుగు నెలలుగా వేసుకుంటున్నది పాత లెక్కలో 10 మి.గ్రా. పెద్దలకు రోజుకు ఇచ్చే గరిష్ఠ మోతాదు అది. వాపుకూ తల తిరగడానికీ ఇదే కారణం కావచ్చు. మిమ్మల్ని చూడకుండా ఖాయంగా చెప్పలేను.

మీ అబ్బాయి కెమిస్ట్రీ సరిగ్గానే చెప్పాడు, వైద్యం దగ్గర తప్పాడు. ఈ మందుతో వచ్చే వాపు సన్నని ధమనులు వెడల్పు కావడం వల్ల వస్తుంది. మందు చేయవలసిన పని కూడా అదే. కాబట్టి పనిచేసే రూపం ఒక్కటే ఇచ్చినా మోతాదు పెరిగితే పాదాలు వాయవచ్చు. గర్భిణులు వాడితే పుట్టే బిడ్డలకు అవయవలోపాలు తెచ్చిన థాలిడోమైడ్ అనే మందు సంగతి అతనికి తెలిసే ఉంటుంది. దానిలో ఒక రూపాన్నే ఇచ్చినా ఒంట్లోకి వెళ్లాక రెండోదిగా మారుతుంది. అన్ని మందులూ అలా మారవనుకోండి.

వేరుచేయడానికి, చింతపండుకు పులుపునిచ్చే టార్టారిక్ ఆమ్లంతో లవణం కట్టించి ఒక రూపాన్ని ముందుగా స్ఫటికాలుగా దించడం ఒక పద్ధతి. మొదటినుంచీ ఒకే రూపం తయారయ్యేలా ఉత్ప్రేరకాన్ని వాడడం మరొకటి. పార్కిన్సన్స్ మందు ఎల్-డోపాను అలా తయారుచేసే దారి చూపిన విలియం నోల్స్‌కు 2001 రసాయనశాస్త్ర నోబెల్‌లో వాటా దక్కింది. మిగతాది మీ అబ్బాయినే అడగండి.

నాకు ఇంకో దిగులు డైక్లోఫెనాక్. అది బీపీని పెంచుతుంది, ఒంట్లో నీరు నిలుపుతుంది, మూత్రపిండాలను దెబ్బతీయవచ్చు. మీ వైద్యుడు చూసేదాకా దాన్ని ముట్టుకోకండి. దుకాణంలో మాత్ర పేరు మారినప్పుడు చీటీ రాసిన వైద్యునికి ఒక్క ఫోను చేస్తే సరిపోయేది. నాలుగు నెలలు సొంత లెక్కతో నడిపించారు! వాపు మొదలైనప్పుడైనా వెళ్లవలసింది.

ఈరోజే ఫోను చేసి రెండో మాత్ర సంగతి అడగండి. మీ అంతట మీరు బీపీ మందు పూర్తిగా మానేయవద్దు; వాపు తగ్గుతుందని నీరు తీసే మాత్రలూ మొదలుపెట్టవద్దు. కూర్చున్నప్పుడు, నిలబడ్డాక బీపీ చూపించుకోండి. మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష, మూత్రంలో ప్రోటీన్ పరీక్ష, ఈసీజీ కూడా అవసరం కావచ్చు. ఒక కాలే వాచి నొప్పిగా ఉన్నా, పడుకుంటే ఆయాసం వచ్చినా, స్పృహ తప్పినా ఆలస్యం చేయకుండా అత్యవసర విభాగానికి వెళ్లండి. వైద్యుని దగ్గరకు వెళ్లేటప్పుడు పాత స్ట్రిప్, కొత్త స్ట్రిప్, డైక్లోఫెనాక్ స్ట్రిప్ మూడూ చేతిలో ఉండాలి.