బగ్ దొరకలేదని అబ్బాయిని ప్రాజెక్ట్ మాన్పించాలా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. అబ్బాయి బరంపురంలో బీటెక్ మూడో సంవత్సరం. ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్ వాడే ప్రాజెక్ట్‌లో ఎప్పుడో ఒకసారి వచ్చే బగ్ కోసం మూడు వారాలుగా కూర్చున్నాడు. రోజూ రాత్రి ఫోన్ చేసి అయ్యిందా అని అడుగుతున్నాను. తోటివాళ్లు ఏఐ కోర్సుల్లో చేరుతున్నారు. వీణ్ణీ హైదరాబాద్ పంపమంటారా? రెండూ పోల్చి చెప్పండి.

జవాబు: మాన్పించకండి. గుణుపురం, రాయగడ, జయపురం తల్లిదండ్రులు కూడా నన్ను ఇదే అడుగుతుంటారు, కోర్సు పేరొక్కటే మారుతుంది. భువనేశ్వర్‌లో తెలుగువాడంటారు, హైదరాబాద్‌లో ఒడిశావాడంటారు, మనవాడికి దారి చెప్పేవాళ్లు లేరు, వెనకబడిపోతాడేమో అన్నదే మీ అసలు టెన్షన్. అది నాకు తెలుసు. మూడు నెలల కోర్సుతో అది పోదు.

వాడు పడుతున్న కష్టమేంటో చూడండి. కొట్లో ఖాతా పుస్తకం ఒకటే. ఒకరి బాకీ 500 ఉంది. మీరూ మీ తమ్ముడూ ఒకేసారి ఆ 500 చూశారు. మీరు 200 కలిపి 700 రాశారు. ఆయన 100 కలిపి, మీ అంకె కొట్టేసి 600 రాశాడు. ఉండాల్సింది 800. ఇది రోజూ జరగదు, ఇద్దరి చేతులూ ఒకే క్షణంలో పడితేనే జరుగుతుంది. థ్రెడ్ల మధ్య, అంటే ఒకే ప్రోగ్రామ్‌లో ఒకేసారి నడిచే పనుల మధ్య, జరిగేదీ ఇదే. పట్టుకుందామని ఒక ప్రింట్ లైన్ పెడితే చాలు, టైమింగ్ మారి బగ్ కనబడకుండా పోతుంది. వారాలు పట్టేది అందుకే.

డేటాబేస్‌కి ఉన్న ఒకే కనెక్షన్‌ని రెండు థ్రెడ్లు వాడుతున్నాయేమో ముందు చూడమనండి. ఎస్‌క్యూలైట్ థ్రెడ్లని ఒక్కొక్కటిగా లోపలికి రానిచ్చే సీరియలైజ్డ్ మోడ్‌లో ఉన్నా, ఒక థ్రెడ్ మొదలుపెట్టిన ట్రాన్సాక్షన్‌లోకి (అన్నీ కలిపి ఖాయమయ్యే, లేదా అన్నీ కలిపి రద్దయ్యే రాతల కట్టలోకి) రెండోదాని రాతలు చేరిపోతాయి. తర్వాత ఎస్‌క్యూలైట్‌తో సహా మొత్తం కోడ్‌ని థ్రెడ్‌శానిటైజర్‌తో, అంటే థ్రెడ్ల పోటీని పట్టే టూల్‌తో, కంపైల్ చేసి నడపాలి. ప్రోగ్రామ్ 5 నుంచి 15 రెట్లు నెమ్మదిస్తుంది గానీ, ఏ రెండు లైన్లు ఒకే మెమరీ మీద పోటీపడ్డాయో చూపిస్తుంది. నడవని కోడ్ గురించి అదేమీ చెప్పదు కాబట్టి టెస్ట్‌ని వేలసార్లు తిప్పాలి. ట్రాన్సాక్షన్లు కలిసిపోవడం మాత్రం దానికి దొరకదు, అది కోడ్ చదివే పట్టుకోవాలి.

ఏఐ చెడ్డదని కాదు. లెక్కలంటే ఇష్టముండి, రెండు మూడేళ్లు కూర్చుని నేర్చుకునేవాడికి మంచిదే. ఈ పొట్టి కోర్సుల మీదే నాకు నమ్మకం లేదు. అవి చేసి వచ్చిన పిల్లల రెజ్యూమెలు నేను చూస్తుంటాను. అందరివీ అవే రెండు ప్రాజెక్టులు. ఈ ఫలితం ఎందుకొచ్చిందని అడిగితే తెల్లమొహం వేస్తారు. మీ అబ్బాయి మూడు వారాలుగా చేస్తున్నది ఆ "ఎందుకు" వెతకడమే. ఏఐ మోడళ్లకి డేటా అందించే ప్రోగ్రామ్‌ల్లోనూ థ్రెడ్లే ఉంటాయి, ఈ పని అక్కడా అక్కరకొస్తుంది.

ఇంక ఆ రాత్రి ఫోన్లు. అది తప్పండీ. పగలంతా దొరకని బగ్‌తో ఉన్నవాణ్ణి రాత్రి మీరూ నిలదీస్తే ఎవరికి చెప్పుకుంటాడు? అన్నం తిన్నావా అని అడగండి, చాలు. ఏం మార్చాడో, ఎన్నిసార్లు తిప్పితే ఎన్నిసార్లు వచ్చిందో రోజూ ఒక పుస్తకంలో రాసుకోమనండి. బగ్ దొరికినా దొరక్కపోయినా ఇంటర్వ్యూలో చెప్పడానికి అదే పనికొస్తుంది. సెలవులకి ఇంటికొచ్చినప్పుడు ఆ పుస్తకంలో ఏం రాశాడో మీరూ అడిగి చూడండి.