గుహల చుట్టూ శిలా ముడతలు: తెర మీది పనితోనే రాణించవచ్చా?

ప్రశ్న: బీఎస్సీ జియాలజీ చివరి సంవత్సరంలో ఉన్నాను. ఉపగ్రహాల ఎత్తుల డేటాతో గుహల చుట్టూ ఉన్న శిలా ముడతలను అధ్యయనం చేయాలని ఉంది. ఫీల్డ్‌కు వెళ్లకుండా కంప్యూటర్ మీదే పనిచేస్తూ ఈ రంగంలో రాణించవచ్చా?

జవాబు: ఫీల్డ్‌ను పూర్తిగా వదిలేస్తే కష్టమనే చెప్పాలి. ఎత్తుల డేటా చూపేది నేల ఉపరితలాన్నే తప్ప దాని కింద ఉన్న గుహను కాదు; 30 మీటర్ల గడులుగా ఉండే డేటాలో గుహ ముఖద్వారం సైతం సాధారణంగా కనిపించదు. అయితే సున్నపురాయి పొరలు ఎటు వంగాయో, అపనతి (పైకి వంగిన ముడత) ఎక్కడ ముగిసి అభినతి (కిందికి వంగిన ముడత) ఎక్కడ మొదలవుతుందో విశాలమైన ప్రాంతంలో ఒక్క చూపులో పట్టుకోవడానికి ఇది చాలా మంచి సాధనం. ఇరాన్‌లోని జాగ్రోస్ పర్వతాలను ఒకసారి తెరిచి చూస్తే ఈ మాట మీకే అర్థమవుతుంది.

ఉచితంగా దొరికే ఎస్‌ఆర్‌టీఎం ఎత్తుల డేటాను 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ అంతరిక్ష షటిల్ మోసుకెళ్లిన రాడార్ సేకరించింది (కచ్చితంగా చెప్పాలంటే అది ఉపగ్రహం కాదు). టాండెమ్-ఎక్స్ రాడార్ ఉపగ్రహాల కొలతలతో తయారైన కోపర్నికస్ 30 మీటర్ల నమూనా కూడా ఉచితమే, దీనితోనే మొదలుపెట్టమంటాను. క్యూజీఐఎస్ అనే పటాల సాఫ్ట్‌వేర్‌లో హిల్‌షేడ్ (ఊహా వెలుగు వేసి నేల ఎత్తుపల్లాలను చూపే నీడల చిత్రం) వేసేటప్పుడు వెలుగు దిశను ఒకటికి నాలుగుసార్లు మార్చి చూడండి, ఎందుకంటే వెలుగుకు సమాంతరంగా సాగే గుట్టల వరుసలు సరిగా కనిపించవు. దట్టమైన అడవిలో ఈ రాడార్లు కొలిచే ఎత్తులో చెట్ల ఎత్తు కూడా కొంత కలుస్తుంది.

అసలు మెలకువ డిప్ (పొర ఎంత కోణంలో కిందికి వాలిందో) లెక్కలో ఉంది. ఒకే పొర మీద మూడు బిందువులు తీసుకున్నారనుకుందాం. రెండు 640 మీటర్ల ఎత్తులో ఉంటే వాటిని కలిపే గీతే స్ట్రైక్ (వాలిన పొర మీద ఎత్తు మారకుండా సాగే దిశ). మూడోది ఆ గీతకు లంబంగా 300 మీటర్ల దూరంలో, 560 మీటర్ల ఎత్తులో ఉంటే డిప్ సుమారు 15 డిగ్రీలు. ఎత్తుల తేడాలో 10 మీటర్ల పొరపాటు దొర్లినా జవాబు 13, 17 డిగ్రీల మధ్యే ఉంటుంది. అదే వాలును 60 మీటర్ల దూరంలో, 16 మీటర్ల తేడాతో లెక్కగడితే అంతే పొరపాటుకు 6 నుంచి 23 డిగ్రీల వరకు ఏదైనా రావచ్చు. అందుకే రాతి మీద కంపాస్, క్లైనోమీటర్ (వాలు కోణం కొలిచే పరికరం) పెట్టి కొలిచిన విలువలు కొన్నయినా లేకుండా మీ పటాన్ని ఎవరూ నమ్మరు, నమ్మకూడదు కూడా.

ఈ కొలతలను గుహ సర్వేతో కలిపి చూడటంలోనే ఆసక్తికరమైన ప్రశ్నలు ఉన్నాయి. పొరలు వాలి ఉన్నచోట, భూగర్భ జలమట్టానికి పైన నీరు తొలిచిన మార్గాలు తరచుగా డిప్ వెంట దిగుతాయి. నీటిలో మునిగి ఏర్పడినవి స్ట్రైక్ వెంట సాగే అవకాశం ఎక్కువ. పగుళ్లు ఈ నియమాన్ని చెడగొడుతుంటాయి.

కేవలం గుహల కోసం ఉద్యోగాలు అరుదు. సున్నపురాయి ప్రాంతాల్లో భూగర్భ జలాలు, సొరంగాలు, ఆనకట్టల పనులకు మాత్రం ఇదే నైపుణ్యం కావాలి. ఎంఎస్సీలో స్ట్రక్చరల్ జియాలజీ, హైడ్రోజియాలజీ తీసుకుని, పక్కన పైథాన్ నేర్చుకోండి. ఈలోగా, సర్వే పటం ప్రచురితమైన ఒక గుహను ఎంచుకుని, దాని మార్గాల దిశలను మీరు లెక్కించిన స్ట్రైక్, డిప్‌లతో పోల్చి ఒక చిన్న నివేదిక రాయండి. పీజీ దరఖాస్తుకు అది సర్టిఫికెట్ కోర్సుల కంటే ఎక్కువ పనికొస్తుంది.