బీ-ఫారం కథ రాస్తున్న అమ్మాయికి

హైదరాబాద్

బిడ్డా,

నీ కథ అందింది. ఉప ఎన్నికలో టికెట్ గొడవను కథ చేయాలన్న ఆలోచన బాగుంది. మన ఇళ్లలో రాజకీయాలు మాట్లాడని రోజు ఉండదు. కథల్లోకి వచ్చేసరికి మాత్రం నాయకుడంటే తెల్లచొక్కా వేసుకున్న దుర్మార్గుడు, అంతే. నువ్వు ఆ దారిన పోకుండా టికెట్ రాని మనిషిని పట్టుకున్నావు. అయితే మూడో పేజీకల్లా ఆయన్ను వదిలేశావు. అక్కడ మాట్లాడటం మొదలుపెట్టిన మనిషి ఇక ఆపలేదు. ఏళ్ల తరబడి జెండా మోశానంటాడు, పైసలున్నోళ్లకే టికెట్లంటాడు, నిన్న వచ్చినోడికి పెద్దపీట వేశారంటాడు. నిజమే కావచ్చు. కానీ టికెట్ రాని ప్రతివాడూ టీవీ మైకు ముందు ఇవే మాటలు అంటాడు. వీటిని బట్టి నీ మనిషి ఎలాంటివాడో నాకేం తెలుస్తుంది?

టికెట్ గొడవలో ఎవరేమిటో తేలేది కాగితాల దగ్గర, గడువుల దగ్గర. నీ కథకు నేను చెప్పగలిగిన సలహా ఇదొక్కటే. మిగతాదంతా దీనికి వివరణ అనుకో.

నీ కథలో బీ-ఫారం అన్న మాట ఒక్కసారే వచ్చింది, అదీ ఎవరో ఫోన్‌లో అన్నట్టు. అదెలా ఉంటుందో నువ్వు చూసినట్టు లేదు. తెప్పించుకుని చూడు. పార్టీ తరఫున అభ్యర్థుల పేర్లు ఇచ్చే అధికారం ఫలానా వాళ్లకు ఉందని చెప్పేది ఏ-ఫారం. ఆ ఫలానా వ్యక్తి సంతకంతో, ఈ నియోజకవర్గంలో మా అభ్యర్థి ఈయనే అని చెప్పేది బీ-ఫారం. సంతకం సిరాతో పెట్టాలి. జిరాక్స్ చెల్లదు, రబ్బరు స్టాంపు సంతకం చెల్లదు. నామినేషన్ల చివరి రోజు మధ్యాహ్నం మూడు గంటల్లోపు రిటర్నింగ్ అధికారికి అందాలి. మూడు దాటిందా, ఎంత పెద్ద పార్టీ అయినా ఆ మనిషికి పార్టీ గుర్తు దక్కదు. అందుకే టీవీలో పేరు వచ్చినా పని అయిపోయినట్టు కాదు. పేరు ప్రకటించిన రాత్రి నుంచి ఆ మూడు గంటల దాకా టికెట్ వచ్చినవాడికీ నిద్ర ఉండదు, రానివాడికీ ఉండదు. నీ కథ నడవాల్సింది ఈ నాలుగైదు రోజుల్లోనే. నువ్వేమో చిన్నప్పటి నుంచి మొదలుపెట్టావు.

మొన్నటి జూబ్లీహిల్స్ ఉప ఎన్నికనే తీసుకో. 2025 అక్టోబరు 21 నామినేషన్లకు ఆఖరు రోజు. ముందు రోజు దీపావళి. రాసేవాళ్లకు ఇలాంటి తేదీ ఊరికే దొరకదు. టికెట్ రాని ఇంట్లో ఆ దీపావళి ఎలా జరిగి ఉంటుందో ఆలోచించు. టపాసులు కాలిస్తే ‘మస్తు ఖుషీగ ఉన్నడు, ఎక్కడ్నో సెటిల్ అయినట్టుంది’ అంటారు గల్లీవాళ్లు. కాల్చకపోతే ‘పాపం, లోపల కూసుని ఏడుస్తుండు’ అంటారు. పిల్లలు చిచ్చుబుడ్లు పట్టుకుని డాబా మీదికి పోవాలా వద్దా అని నాన్న ముఖం చూస్తుంటారు. ఆయన ఫోన్ చూస్తుంటాడు. భార్య ఏమంటుందో నువ్వు రాయి, నాకంటే నీకే బాగా తెలుసు.

ఇక డమ్మీ సంగతి. నీ కథ మొత్తం దీనిమీద తిప్పొచ్చు, నువ్వు పట్టించుకోలేదు. బీ-ఫారంలో ఇంకో పేరుకు చోటుంటుంది. అసలు అభ్యర్థి నామినేషన్ పరిశీలనలో పోయినా, ఆయనే తప్పుకున్నా, బదులు ఎవరన్నది అక్కడ రాస్తారు. ఆ బదులు మనిషే డమ్మీ. గుర్తింపు ఉన్న పార్టీ అభ్యర్థిని ప్రతిపాదించడానికి ఒక్క ఓటరు సంతకం చాలు. స్వతంత్ర అభ్యర్థికి పదిమంది కావాలి, పదిమందీ ఆ నియోజకవర్గం ఓటర్లే అయి ఉండాలి. డమ్మీగా వేసినవాడు ఒక్క సంతకంతో వేస్తే, అసలు అభ్యర్థి నామినేషన్ ఓకే కాగానే ఇతనిది తిరస్కరిస్తారు. కథ కంచికి. అదే పది సంతకాలతో వేస్తే? స్వతంత్రుడిగా బరిలో మిగిలిపోవచ్చు.

నీ కథలో టికెట్ రాని ఆ అన్నను ఇక్కడ నిలబెట్టి చూడు. పెద్దలు పిలిచి బుజ్జగించారు, గౌరవంగా ఉంటుంది, డమ్మీగా వెయ్యమన్నారు. తలూపి వచ్చాడు. రాత్రి పదింటికి ఇంటికొచ్చి ఓటరు జాబితా ముందేసుకుని కూర్చున్నాడు. ప్రతిపాదించేవాళ్ల పార్ట్ నంబరు, వరుస నంబరు ఫారంలో రాయాలి కదా. ఎవరెవరికి ఫోన్ చేస్తాడు? బావమరిది పెడతాడా? తాను కుట్టు మిషన్ ఇప్పించిన ఆమె పెడుతుందా? ఒకడు ‘పొద్దుగాల వస్తనే అన్నా’ అని ఫోన్ స్విచాఫ్ చేసుకుంటాడు. ఇంకొకడు సంతకం పెట్టి, గేటు దాటగానే అవతలి వర్గానికి ఫోన్ కొడతాడు. తొమ్మిది అయ్యాయి. పదో సంతకం కోసం అర్ధరాత్రి బైకు తీసి బోరబండ గల్లీల్లో తిరుగుతున్నాడు. ఇంతవరకూ ఆయన పార్టీని పల్లెత్తు మాట అనలేదు చూశావా! లోపల ఏముందో మనకు తెలిసిపోయింది. ఆరు పేజీల ఉపన్యాసం తీసేసి ఈ రాత్రి రాయి. తెల్లారాక ఆ ఫారం ఇస్తాడా, చించేస్తాడా అన్నది నీ ఇష్టం. నేనైతే ఇప్పిస్తాను. ఉపసంహరణ గడువు మధ్యాహ్నం మూడింటి వరకూ ఆయన చుట్టూ జనం తిరుగుతారు. ఆ మూడు రోజులూ ఆయన జీవితంలో ఎన్నడూ లేనంత ముఖ్యమైన మనిషి.

ఊరు పేరు దాచిపెట్టావు. ‘నగరంలోని ఒక నియోజకవర్గం’ ఏమిటి? ఎవరు కొడతారని భయం? జూబ్లీహిల్స్ అనగానే బయటి ఊళ్లవాళ్లు సినిమావాళ్ల బంగళాలు అనుకుంటారు. ఆ బంగళాల జూబ్లీహిల్స్ డివిజన్ ఉన్నది ఖైరతాబాద్ నియోజకవర్గంలో. జూబ్లీహిల్స్ నియోజకవర్గం ఓట్లు బోరబండ, రహమత్‌నగర్, ఎర్రగడ్డ, యూసుఫ్‌గూడ దిక్కు ఉంటాయి. ఇరుకు గల్లీలు, కిరాయి ఇళ్లు, నల్లా నీళ్ల టైమింగులు. దాదాపు నాలుగు లక్షల ఓటర్లలో మొన్న ఓటేసినవాళ్లు సగం కూడా లేరు. నువ్వు పుట్టి పెరిగింది ఆ పక్కనే అన్నావు. మరి ఆ గల్లీలు కథలో లేవేం?

ఊరు పేరు పెట్టమన్నాను గానీ, నిజం మనుషులను పేర్లు మార్చి తెచ్చి కూర్చోబెట్టొద్దు. జరిగింది అందరికీ తెలిసిందే. మాగంటి గోపీనాథ్ 2014లో తెలుగుదేశం తరఫున, తర్వాత రెండుసార్లు టీఆర్ఎస్, బీఆర్ఎస్ తరఫున గెలిచి 2025 జూన్‌లో చనిపోయారు. బీఆర్ఎస్ ఆయన భార్య సునీతను నిలబెట్టింది. 2023లో అక్కడ కాంగ్రెస్ తరఫున ఓడిన అజారుద్దీన్‌ను గవర్నర్ కోటా ఎమ్మెల్సీకి ప్రతిపాదించి, ఈసారి కాంగ్రెస్ టికెట్ నవీన్ యాదవ్‌కు ఇచ్చారు. ఈయన 2014లో అదే చోట మజ్లిస్ అభ్యర్థి. పోలింగ్ నవంబరు 11న అయితే, అక్టోబరు 31న అజారుద్దీన్ మంత్రిగా ప్రమాణం చేశారు. ఓట్ల కోసమేనని బీజేపీ ఫిర్యాదు చేసింది, కాంగ్రెస్ కాదంది. చివరికి నవీన్ యాదవ్ 24,729 ఓట్ల మెజారిటీతో గెలిచారు. ఇదంతా వార్త. వార్తగా రాస్తే ఒక్క అంకె తప్పు పోకూడదు. కథగా రాస్తే దీన్ని పక్కనపెట్టి సొంత మనుషులను పుట్టించుకో. రెండూ కలిపి ‘అందరికీ తెలిసిన ఆ పెద్దమనిషి’ అని కన్నుగీటే పద్ధతి నాకు నచ్చదు. చదివేవాడు కథ వదిలేసి ఎవరై ఉంటారా అని లెక్కలు వేసుకుంటాడు.

మాట జారడం కూడా అక్కడే మొదలవుతుంది. కాంగ్రెస్ అభ్యర్థి మీద ఓటరు కార్డుల పంపిణీ విషయంలో కేసు నమోదైంది. నమోదైంది అన్నంతవరకే మనకు హక్కుంది. నీ కథలో ఒక పాత్ర మీద కేసు పెట్టగానే కథకురాలివి నువ్వే తీర్పు చెప్పేశావు. ఆ తొందర నీకెందుకు?

అఫిడవిట్లు చదువు. ఊరికే అనడం లేదు, కూర్చుని చదువు. ఫారం 26 అంటారు. పోటీ చేసిన ప్రతివాళ్లదీ ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో ఉంటుంది. భార్య పేరున బంగారం ఎంత, సొంతంగా కొన్నది ఏది, తాతల నుంచి వచ్చింది ఏది, బ్యాంకు అప్పెంత, చేబదుళ్లు ఎవరి దగ్గర, ఏ స్టేషన్‌లో ఏ కేసు, చదువు ఎక్కడ ఆగింది, అన్నీ ఉంటాయి. ఏ గడీ ఖాళీగా వదలకూడదని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. లేకపోతే లేదని రాయాల్సిందే. నీ అన్నకు నువ్వే ఒక అఫిడవిట్ నింపు. అందులో ఒక్క ముక్క కూడా కథలోకి రాకపోయినా ఫరవాలేదు. భార్య బంగారం గడి దగ్గర నీ పెన్ను ఆగితే, అది ఏ ఎన్నికల్లో, ఏ కుదువ దుకాణానికి పోయిందో నీకు తెలియలేదన్నమాట.

ఇంకో కాగితం కాస్త నవ్వు కూడా తెప్పిస్తుంది. క్రిమినల్ కేసులున్నవాణ్ణి ఎంచుకుంటే ఎందుకు ఎంచుకున్నారో, కేసుల్లేనివాళ్లు ఎందుకు పనికిరాలేదో పార్టీలు కారణాలు ప్రకటించాలని 2020లో సుప్రీంకోర్టు ఆదేశించింది. గెలుస్తాడన్నది ఒక్కటే కారణం కాకూడదంది కూడా. గెలుస్తాడనే టికెట్ ఇచ్చినవాడికి వేరే కారణం రాయాలి, అదీ పార్టీ ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చున్న ఒక పిల్లగాడు రాయాలి. ఆ పిల్లగాడి మీద వేరే కథ రాయొచ్చు. నువ్వు రాయకపోతే నేను రాస్తాను.

ఇప్పుడు నీ కథలో నాకు బాగా నచ్చిన చోటికి వస్తాను. నాలుగు లైన్లే ఉంది, అందుకే కోపం. ఫ్లెక్సీ దుకాణంలో డిజైన్ చేసే కుర్రాడు అడుగుతాడు చూడు, ‘పాత అన్న ఫొటో మొత్తం తీసెయ్యాల్నా, చిన్నగ చెయ్యాల్నా?’ అని. కథంతటిలో అసలైన మాట ఇది. దీని మీద ఆగాలి. ఫ్లెక్సీ మీద ఎవరి ముఖం ఎంత సైజు అన్నది మన రాజకీయంలో రాసుకోని చట్టం. పైన వరుసలో పోస్టల్ స్టాంపంత ముఖాలు, మధ్యలో చేతులు జోడించిన అభ్యర్థి, కింద గల్లీ లీడర్లు. అలిగినవాడి ఫొటో తీసేస్తే రెబల్ అని ఒప్పుకున్నట్టు. ఉంచితే ఆయన అనుచరులు వచ్చి ‘మా అన్నను గింత చేసిండ్రా’ అని చింపుతారు. దుకాణం కుర్రాడికి రెండు వర్గాలూ బాకీ. తెల్లారేలోపు ప్రింటు ఇవ్వాలి, సిరా వాసనకు తల దిమ్మెక్కి ఉంది, ఎవరు ఫోన్ చేసినా ‘అయితుందన్నా’ అంటున్నాడు. ఆ గదిలోకి నన్ను ఇంకాసేపు తీసుకుపో. గెలిచినా ఓడినా ఆ ఫ్లెక్సీలు చివరికి ఎక్కడికి పోతాయో నీకు తెలుసు కదా, వానాకాలం రేకుల ఇళ్ల మీదికే.

టికెట్ వచ్చినవాణ్ణి కూడా కొంచెం దయతో చూడు. నీ కథలో అతను ఒక కారు, ఒక నల్ల కళ్లద్దాలు. అంతేనా? మొన్న 58 మంది నిలబడ్డారు. రీజినల్ రింగ్ రోడ్డులో భూములు పోతున్న రైతులు కూడా వచ్చి నామినేషన్లు వేశారు. ఒక్క ఈవీఎం యూనిట్‌లో పదహారు పేర్లే పడతాయి కాబట్టి ప్రతి బూత్‌లో నాలుగు యూనిట్లు. తన పేరు ఎన్నో నంబరు అన్న టెన్షన్ పెద్ద పార్టీ అభ్యర్థికీ ఉంటుంది. నిన్నటిదాకా తిట్టుకున్న కార్పొరేటర్ ఇంటికి పొద్దున్నే పోయి చాయ్ తాగాలి, ఆ చాయ్‌లో చక్కెర ఎక్కువైనా బాగుందనాలి.

కులం గురించి ఒక్క మాట. నువ్వు ‘సామాజిక సమీకరణాలు’ అని రాసి దాటేశావు. టీవీ చర్చలో అది సరిపోతుంది. కథలో ఎవరు ఎవరి ఇంట్లో సోఫాలో కూర్చున్నారు, ఎవరు గుమ్మం దగ్గర నిలబడ్డారు, ఎవరిని ‘ఏమే’ అన్నారు, ఎవరిని ‘అమ్మా’ అన్నారు, ఇవి చాలు.

ముగింపులో పార్టీ ఆఫీసు ముందు అనుచరుడు పెట్రోలు పోసుకుంటాడు. తీసెయ్. అలా జరగదని కాదు, ఏం రాయాలో తోచక పోయించావని తెలిసిపోతోంది. చాలామంది ఆఖరి రోజు మధ్యాహ్నం రెండున్నరకు వచ్చి విత్‌డ్రా చేసుకుంటారు. ఏదో కార్పొరేషన్ పదవి ఇస్తామన్న మాట ఒకటి చెవిన వేసి ఉంటారు. సాయంత్రానికి అదే కండువాతో అదే అభ్యర్థి పక్కన ఓపెన్‌టాప్ జీపు మీద ఉంటారు. మరి సంతకాలు పెట్టిన ఆ పదిమంది? వాళ్ల పేర్లు అవతలివాళ్ల దగ్గర ఉన్నాయి. మీ అన్నకు పదవి మాట ఇచ్చారు, వాళ్లకు ఎవరూ ఏమీ ఇవ్వలేదు. జీపు ఆ గల్లీలోకి వచ్చినప్పుడు కుట్టు మిషన్ ఆమె బయటికి వస్తుందా రాదా అన్నది ఆలోచించి రాయి.

సంక్రాంతికి నేను ఊరికి పోతున్నాను. ఈలోపు రెండో ప్రతి పంపగలిగితే పంపు, లేకపోతే వచ్చాక చూద్దాం. ఈసారి పేజీ నంబర్లు వెయ్యి. మీ నాన్న బూత్ ఏజెంట్‌గా కూర్చున్నాడని రాశావు కదా, పోలింగ్ రోజు ఏం తిన్నాడో, ఎవరు తెచ్చి ఇచ్చారో అడిగి పెట్టుకో.

మీ ఇంట్లో అందరినీ అడిగానని చెప్పు.