సంతకం పెట్టే ముందు ఆ ఎస్టిమేట్ ఒకసారి తిరగేయండి

ప్రశ్న: నమస్తే అండీ. మేం ఫ్లోరిడాలోని టాంపాలో ఉంటాం. 2024 అక్టోబర్‌లో మిల్టన్ తుఫానుకి రూఫ్ మీద షింగిల్స్ (పైకప్పు పలకలు) లేచిపోయి రెండు బెడ్‌రూముల్లో సీలింగ్ తడిసింది, గ్యారేజీలోకి రోడ్డు మీద నీళ్లు కూడా వచ్చేశాయి. ఇన్సూరెన్స్ వాళ్ల మనిషి వచ్చి ఇరవై నిమిషాల్లో చూసి వెళ్లిపోయాడు, తర్వాత 3,400 డాలర్ల చెక్కొచ్చింది, దాంతో ఒక గది కూడా బాగవదు. ఇప్పుడు ఒకాయన తలుపు తట్టి నేను పబ్లిక్ అడ్జస్టర్‌ని, మీకు 45,000 దాకా రావాలి, గ్యారేజీ డబ్బులు కూడా రాబడతా, నాకు 10 శాతం ఇస్తే చాలు అంటున్నాడు. మా ఆవిడేమో ఇదంతా మోసం అంటోంది. పెట్టుకోవచ్చా? చెక్కుతో వచ్చిన పేపర్లు పంపిస్తున్నా.

జవాబు: మోసమేం కాదండీ, ఫ్లోరిడాలో అది లైసెన్సు ఉన్న వృత్తే. అడ్జస్టర్ అంటే నష్టం లెక్కకట్టే మనిషి. మీ ఇంటికొచ్చి చూసినాయన ఇన్సూరెన్స్ కంపెనీ తరఫు అడ్జస్టర్, పబ్లిక్ అడ్జస్టర్ మీ తరఫున లెక్క కట్టి కంపెనీతో మాట్లాడతాడు, తేడా అంతే. ఎమర్జెన్సీ ప్రకటించిన తుఫానులకి మొదటి ఏడాదిలో వేసిన క్లెయిమ్‌ల మీద ఆయన ఫీజు 10 శాతం దాటకూడదు, మామూలు క్లెయిమ్‌లకైతే 20 దాకా తీసుకోవచ్చు. కాబట్టి ఆ 10 శాతం అనేది ఆయన మీకిస్తున్న డిస్కౌంటేం కాదు, చట్టమే అంత అంది.

సరే, మీ పేపర్లు చూశా. మీరు చెక్కు ఒక్కటే చూసి కంగారు పడ్డట్టున్నారు, రెండో పేజీలో కంపెనీ ఎస్టిమేట్ చూడండి. కంపెనీ మీ డ్యామేజీకి కట్టిన లెక్క 3,400 కాదు, 21,000. అందులో రూఫ్ పాతదని డిప్రిసియేషన్ కింద 9,600 పక్కన పెట్టారు, ఇల్లు 4 లక్షలకి ఇన్సూర్ చేశారు కాబట్టి 2 శాతం హరికేన్ డిడక్టిబుల్ 8,000 తీసేశారు, మిగిలింది 3,400. డిడక్టిబుల్ అంటే నష్టంలో మనం భరించాల్సిన వాటా, అది ఎలాగూ మన జేబులోదే. కానీ మీది రీప్లేస్‌మెంట్ కాస్ట్ పాలసీ (పాతదాని విలువ కాదు, కొత్తది వేయించే ఖర్చు ఇచ్చేది), అంటే ఆ 9,600 రిపేర్లు చేయిస్తూ బిల్లులు పంపుతుంటే వాళ్లు ఇవ్వాల్సిన డబ్బే. ఇది తెలీకుండా సంతకం పెట్టేస్తే ఎలాగూ రావాల్సిన దాంట్లోంచి కూడా 960 ఆయనకి పోవచ్చు, ఊరికే. ఇప్పటికే వచ్చిన 3,400 మీద మాత్రం ఆయన ఫీజు అడగకూడదు, అది రూలు. ఆ 9,600 కూడా ఫీజులోకి రాదని కాంట్రాక్టులో రాయించండి, రాయనంటే వదిలేయండి.

మరి అసలు అవసరమే లేదా అంటే అలా అనను. ఇరవై నిమిషాల్లో అటక ఎక్కి ప్లైవుడ్ తడిసిందా, ఇన్సులేషన్ పాడైందా చూడటం అయ్యే పని కాదు, అవి ఎస్టిమేట్‌లో లేవు కూడా. ముందు మీరే ఫోటోలు తీయండి, మంచి రూఫింగ్ కాంట్రాక్టర్ చేత వివరంగా ఎస్టిమేట్ రాయించి మళ్లీ చూడమని కంపెనీకి రాతపూర్వకంగా అడగండి. (ఆ కాంట్రాక్టరే మీ ఇన్సూరెన్స్ సంగతి నేను మాట్లాడతా, డిడక్టిబుల్ కూడా మాఫీ చేసేస్తా అంటే వద్దు బాబోయ్ అని దణ్ణం పెట్టేయండి, ఆ రెండూ అక్కడ చట్టవిరుద్ధం.) అదనపు క్లెయిమ్‌కి తుఫాను రోజు నుంచి 18 నెలలే టైముంటుంది, ఆ గడువు దాటకుండా చూసుకోండి. కంపెనీ కదలకపోతే రాష్ట్ర ఫైనాన్షియల్ సర్వీసెస్ డిపార్ట్‌మెంట్ మీడియేషన్ (మధ్యవర్తితో రాజీ) పెడుతుంది, ఖర్చు కంపెనీదే.

అప్పటికీ 21,000 దగ్గరే కూర్చుంటే, కాంట్రాక్టర్ లెక్క దానికి బాగా ఎక్కువుంటే, అప్పుడు అడ్జస్టర్‌ని పెట్టుకోవడంలో తప్పులేదు. లెక్క 35,000కి పెరిగిందనుకోండి, కొత్తగా వచ్చే 14,000లో 1,400 ఆయనకి పోయినా మీకు 12,600 మిగుల్తుంది. లైసెన్సు ఉందో లేదో అదే డిపార్ట్‌మెంట్ వెబ్‌సైట్‌లో పేరు కొట్టి చూడొచ్చు. సంతకం పెట్టాక మనసు మారితే 10 రోజుల్లోపు పైసా కట్టకుండా రద్దు చేసుకోవచ్చు. ఆదివారం గానీ, రాత్రి 8 దాటాక గానీ తలుపు తట్టాడంటే మాత్రం రూలు తప్పినట్టే, ఆయనెప్పుడొచ్చాడో మీరు రాయలేదు.

ఇక గ్యారేజీ. రూఫ్‌లోంచి కారిన నీళ్లు వేరు, రోడ్డు మీంచి లోపలికొచ్చిన నీళ్లు వేరు, రెండోది ఫ్లడ్ కిందకి పోతుంది, మామూలు హోమ్ ఓనర్స్ పాలసీలో అది ఉండదు. విడిగా ఫ్లడ్ పాలసీ ఉంటే దాని మీద వేరే క్లెయిమ్ వేయాలి, మీ పేపర్లలో నాకైతే అది కనపళ్లేదు. లేని పాలసీ మీద డబ్బు రాబట్టడం ఎవరి వల్లా కాదు, పైగా అటక ఎక్కకుండానే గుమ్మంలో నిలబడి 45,000 అన్నాయన ఇది కూడా రాబడతా అన్నాడంటే, నేనైతే ఇంకో అడ్జస్టర్‌ని వెతుక్కుంటా.