పజిల్ దగ్గర అక్కాతమ్ముళ్ల లొల్లి

ప్రశ్న: మాది హనుమకొండ. పాపకు తొమ్మిదేళ్లు, బాబుకు ఐదున్నర. సెలవులని ఇద్దరికీ కలిపి వంద ముక్కల జిగ్సా పజిల్ కొన్నాం. పాప ముందు అంచు ముక్కలు ఏరి, మిగతావి రంగులవారీగా కుప్పలు పెట్టుకుంటుంది. బాబు ఆ కుప్పలన్నీ కెలికి పులి కన్ను వెతుకుతాడు. దొరికేదాకా లేవడు. రోజూ లొల్లే. ‘అక్కను చూసి నేర్చుకో’ అంటే ఏడుస్తాడు. ఈమధ్య ఒక ముక్క దాచి, చివర్లో తనే తెచ్చి పెడుతున్నాడు. వాడికి ఏకాగ్రత లేదని మా ఆయన అంటున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది.

జవాబు: పులి కన్ను దొరికేదాకా లేవని పిల్లాడికి ఏకాగ్రత లేదని ఎలా అంటామమ్మా? మీ వారికి ఈ మాట చెప్పండి.

ముందు ఇది, తర్వాత అది అని వరుస వేసుకునే నేర్పు వయసుతోపాటు వస్తుంది. పాపకు వచ్చింది. ఐదున్నరేళ్లవాడు కంటికి కొట్టొచ్చినట్టు కనిపించేదాన్నే పట్టుకుంటాడు. అంచులతోనే మొదలుపెట్టాలన్న నియమం కూడా ఏమీ లేదు. వాటికి ఒక పక్క తిన్నగా ఉంటుంది కాబట్టి ఏరడం తేలిక, అంతే. బొమ్మలోని మొహంతో మొదలుపెట్టే పెద్దవాళ్లూ ఉన్నారు.

‘అక్కను చూసి నేర్చుకో’ అన్న మాట ఇవాళే మానేయండి. నా తీరు తప్పని వాడికి అనిపిస్తుంది. పాపకేమో ఆట కాస్తా తమ్ముడికి పాఠం చెప్పే పని అవుతుంది. ఆమె బాధ మన కంటికి తొందరగా ఆనదు. ఓపిగ్గా పెట్టుకున్న కుప్పలు చెదిరిపోతే ఎవరికైనా కోపం వస్తుంది. ‘చిన్నోడు కదా, సర్దుకుపో’ అనకండి. ఆ కుప్పలు అక్కవని, అడగకుండా ముట్టొద్దని వాడికి చెప్పాల్సింది మీరే.

ముక్క దాచడాన్ని దొంగతనం అనొద్దు. బొమ్మ పూర్తయ్యేటప్పుడు తన చెయ్యీ ఉండాలని వాడి ఆశ. చివరి ముక్క ఈసారి ఎవరిదో మొదట్లోనే ఒప్పందం చేసుకోమనండి, వంతులవారీగా. వాడికి విడిగా పాతిక ముప్పై ముక్కల పజిల్ ఒకటి కొనివ్వండి. కలిసి చేసేటప్పుడు పులి వాడిది, అంచులూ ఆకాశం ఆమెవి. పెద్ద అట్ట మీద పెట్టుకుంటే సగంలో ఆపినా మంచం కిందికి జరపొచ్చు. ఆ కాసేపు మీరిద్దరూ పక్కన నిలబడి తీర్పులు చెప్పకండి.

ఒక ఆదివారం వేయిస్తంభాల గుడికి తీసుకెళ్లండి. అక్కడి కల్యాణ మండపాన్ని 2006లో రాళ్లకు నంబర్లు వేసి విప్పారు, మళ్లీ పేర్చి 2024 మార్చిలో తెరిచారు. పాప ఆ నంబర్ల గురించి అడుగుతుందేమో, వాడు నేరుగా నంది దగ్గరికి ఉరుకుతాడేమో. ఎవరికి నచ్చింది వాళ్లను చూడనివ్వండి.

తనకిష్టమైన పనిలో కూడా కాసేపైనా కూర్చోలేకపోతే, బడిలో టీచర్ కూడా అదే మాట అంటే, అప్పుడు పిల్లల డాక్టర్‌కు చూపించండి. మీరు రాసినదాంట్లో నాకు అలాంటిదేమీ కనిపించలేదు.