ఫైలు ఏ బల్ల మీద ఉంది?

పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు

అమెరికాలో ఉన్న జీవిత భాగస్వామి దగ్గరికి వెళ్లవలసినవారు వీసా ఆలస్యం గురించి తిరుపతి, చిత్తూరు జిల్లాల నుంచి రాసిన ఉత్తరాలలో మూడింటికి ఈసారి సమాధానాలు ఇస్తున్నాము.

ప్రశ్న: నాకు 2024 నవంబరులో వివాహమైంది. మావారికి 2021 నవంబరు నుంచి గ్రీన్ కార్డు ఉంది. 2025 జనవరిలో నా కోసం ఐ-130 పిటిషన్ (భార్యను అక్కడికి రప్పించుకోవడానికి వేసే దరఖాస్తు) వేశారు. రసీదు వచ్చింది; ఏడాది దాటినా మరే కబురూ లేదు. ఆయనతో పనిచేసే ఒకరు తమ భార్య కోసం మా తరువాత వేసినా అప్రూవల్ వచ్చేసిందట. నేను పుట్టింట్లోనే ఉంటున్నాను. గుడికి వెళ్లినా, పేరంటానికి వెళ్లినా "ఇంకా వెళ్లలేదా అమ్మా?" అన్న మాటే ఎదురవుతోంది. మా కాగితాలలో లోపమేమైనా ఉందా? ఈలోగా విజిటర్ వీసా మీద వెళ్లి రావచ్చునా?
– ఒక సోదరి, తిరుపతి

సమాధానం: అమ్మా, లోపం ఉంటే అమెరికా ఇమిగ్రేషన్ శాఖ, అంటే యూఎస్‌సీఐఎస్, ఫలానా ఆధారం కావాలని మీవారికే నోటీసు పంపుతుంది. నోటీసు రాలేదంటే ఫైలు ఇంకా వరుసలో ఉన్నదని అర్థం. ఆ సహోద్యోగి అమెరికా పౌరుడా, గ్రీన్ కార్డుదారుడా అన్నది ముందుగా కనుక్కోమనండి. పౌరుల భార్యాభర్తలకు వీసాల సంఖ్యపై పరిమితి లేదు కాబట్టి, పిటిషన్ ఆమోదం పొందితే ఫైలు నేరుగా తరువాతి మెట్టుకు వెళుతుంది. గ్రీన్ కార్డుదారుల భార్యాభర్తలు మాత్రం ఎఫ్2ఏ అనే కేటగిరీలోకి వస్తారు. ఆ కేటగిరీకి ఏటా ఇన్ని వీసాలేనన్న హద్దు ఉంది. అందువల్ల మీరు పిటిషన్ ఆమోదం కోసమే కాక, ఆ తరువాత వీసా నంబరు కోసం కూడా ఆగవలసి ఉంటుంది.

ఈ రెండవ నిరీక్షణకు లెక్క మీ ప్రయారిటీ డేట్ నుంచి మొదలవుతుంది. మీ పిటిషన్ ఆ శాఖకు అందిన తేదీయే ప్రయారిటీ డేట్. ఆమోదం ఎంత ఆలస్యమైనా అది మారదు. అమెరికా విదేశాంగ శాఖ ప్రతి నెలా వెలువరించే వీసా బులెటిన్‌లో ఎఫ్2ఏ వరుసలో ఉన్న తేదీ మీ తేదీని దాటినప్పుడే వీసా ఇవ్వడానికి వీలవుతుంది. 2019 జూలై నుంచి 2023 మార్చి వరకు ఈ కేటగిరీలో నిరీక్షణే లేదు. 2023 ఏప్రిల్‌లో మళ్లీ తేదీలు పెట్టారు. ఆ నాలుగేళ్లలో వెళ్లినవారు తమ అనుభవం ఉన్నదున్నట్లే చెబుతారు, కాని అది మీకు కొలబద్ద కాదు. అలాగే ఇండియా వరుస ఏళ్ల తరబడి కదలదన్న మాట విని బెంగపడకండి. ఆ మాట ఉద్యోగ కేటగిరీలకూ, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల కేటగిరీకీ చెందినది. ఎఫ్2ఏ వీసాలలో మూడు వంతులు, అంటే 75 శాతం, దేశాలవారీ పరిమితితో సంబంధం లేకుండా ఇస్తారు.

మీ విషయంలో నేను అన్నిటికంటే ముఖ్యమనుకునేది మీవారి పౌరసత్వం. గ్రీన్ కార్డు వచ్చి అయిదేళ్లు నిండడానికి 90 రోజుల ముందే పౌరసత్వానికి దరఖాస్తు చేసుకోవచ్చు కాబట్టి, ఆయనకు 2026 ఆగస్టులో ఆ అవకాశం వస్తుంది. ఆయన పౌరుడిగా ప్రమాణం చేసిన రోజునే మీరు ఎఫ్2ఏ నుంచి పరిమితి లేని కేటగిరీలోకి మారిపోతారు. కొత్తగా ఐ-130 వేయనవసరం లేదు, పౌరసత్వ పత్రం ప్రతిని ఫైలు అప్పటికి ఏ కార్యాలయంలో ఉంటే అక్కడికి పంపితే చాలు. అయితే ఆ అయిదేళ్లలో కనీసం 30 నెలలు ఆయన అమెరికాలో ఉండి తీరాలి. ఒకే విడతలో ఆరు నెలలకు మించి బయట ఉంటే పౌరసత్వం చిక్కుల్లో పడుతుంది. మిమ్మల్ని చూడడానికి ఎన్నిసార్లయినా రావచ్చు, కాని ఏ రాకా ఆరు నెలల దాకా సాగకూడదు. వచ్చినప్పటి విమానం టికెట్లు, ఫొటోలు దాచి ఉంచండి. మీ వివాహం నిజమైనదని ఇంటర్వ్యూలో చూపడానికి అవే పనికివస్తాయి.

విజిటర్ వీసాకు దరఖాస్తు చేయడంపై నిషేధం లేదు, కాని నేను ప్రోత్సహించను. స్థిరపడే ఉద్దేశం లేదని అధికారిని ఒప్పించడం ఆ వీసాకు తప్పనిసరి. స్థిరపడడానికే పిటిషన్ వేసి ఉన్న మీకు అది దాదాపు అసాధ్యం. మీ తరఫున ఎవరైనా ఇమిగ్రెంట్ పిటిషన్ వేశారా అని ఆ దరఖాస్తులో సూటిగా అడుగుతారు. తిరస్కారం వస్తే పోయేది రుసుమే. "లేదు" అని రాస్తే మాత్రం, తప్పుడు సమాచారమిచ్చారన్న ముద్ర రేపటి ఇమిగ్రెంట్ వీసాకు కూడా అడ్డుపడుతుంది.

పిటిషన్ ఆమోదం పొందాక ఫైలు న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలోని నేషనల్ వీసా సెంటర్‌కు, అంటే ఎన్‌వీసీకి చేరుతుంది. అక్కడ 325 డాలర్ల వీసా రుసుము, 120 డాలర్ల అఫిడవిట్ రుసుము కట్టి, ఇమిగ్రెంట్ వీసా దరఖాస్తు అయిన డీఎస్-260 ఫారం నింపి, మీవారి ఆదాయం పేదరికపు గీతకు 125 శాతమైనా ఉందని చూపే ఐ-864 అఫిడవిట్ జతచేయాలి. ఆదాయం చాలకపోతే అమెరికాలోనే ఉంటున్న మరొక పౌరుడో గ్రీన్ కార్డుదారుడో జాయింట్ స్పాన్సర్‌గా, అంటే తోడు హామీదారుగా నిలవవచ్చు. తిరుపతి పాస్‌పోర్టు సేవా కేంద్రంలో పోలీస్ క్లియరెన్స్‌కు ఇప్పుడే పరుగెత్తకండి. ఆ సర్టిఫికెట్ రెండేళ్లే చెల్లుతుంది కాబట్టి ఎన్‌వీసీ అడిగినప్పుడు తీసుకోవడం మేలు. వైద్య పరీక్ష కూడా ఇంటర్వ్యూ లేఖ వచ్చాకే, కాన్సులేట్ గుర్తించిన వైద్యుల దగ్గరే చేయించుకోవాలి. ఇక ఇంటర్వ్యూ మనకు దగ్గరగా ఉన్న చెన్నైలోనూ, హైదరాబాద్‌లోనూ కాక ముంబైలో జరుగుతుంది. మన ప్రాంతంలో చాలామంది పొరబడేది ఇక్కడే.

ఆలస్యంలో ఒక చిన్న లాభమూ లేకపోలేదు. పెళ్లయి రెండేళ్లు నిండకముందే అమెరికాలో అడుగుపెట్టినవారికి రెండేళ్ల షరతుల కార్డు ఇస్తారు. గడువు తీరే ముందు మళ్లీ దరఖాస్తు, మళ్లీ రుజువులు తప్పవు. మీరు 2026 నవంబరు తరువాత అడుగుపెడితే నేరుగా పదేళ్ల కార్డే వస్తుంది. పేరంటంలో అడిగేవారికి ఇదంతా చెప్పనక్కర లేదు. "డేట్ రావాలండీ" అంటే చాలు, మన ఊళ్లో ఆ మాట అర్థం కాని ఇల్లు ఈ రోజుల్లో తక్కువే.

ప్రశ్న: మా అల్లుడు అమెరికా పౌరుడు. అమ్మాయి కాగితాలన్నీ సరిపోయాయని నాలుగు నెలల క్రితం ఎన్‌వీసీ నుంచి మెయిల్ వచ్చింది, కాని ఇంటర్వ్యూ తేదీ రాలేదు. రెండు లక్షలిస్తే ముంబైలో తనకు తెలిసినవారి ద్వారా నెలలో తేదీ ఇప్పిస్తానని ఒక ఏజెంటు అంటున్నారు. కేసు నంబరు, ఇన్‌వాయిస్ నంబరు కూడా అడుగుతున్నారు. ఇవ్వవచ్చునా?
– ఒక తండ్రి, చిత్తూరు

సమాధానం: ఇవ్వకండి. కాన్సులేట్ ఖాళీలు ఎన్ని ఉన్నాయో చెబితే, కాగితాలు ముందుగా పూర్తయినవారికి ముందుగా అన్న వరుసలో ఎన్‌వీసీ తేదీలు కేటాయిస్తుంది. ఈ వరుసను మార్చగల మధ్యవర్తి ముంబైలోనూ లేరు, మరెక్కడా లేరు. మీ వంతు సహజంగానే వచ్చే నెలలో వస్తే, ఆ ఘనత తనదేనని చెప్పి ఏజెంటు డబ్బు తీసుకుంటారు. రాకపోతే ఇంకొక నెల ఆగమంటారు. ఆ రెండు నంబర్లు ఉన్నవారు ఎవరైనా మీ అమ్మాయి ఫైలు తెరిచి కాగితాలు మార్చగలరు. అందులో దొంగ పత్రం ఒక్కటి చేరినా శిక్ష పడేది ఏజెంటుకు కాదు, అమ్మాయికి. అమెరికాలో ప్రవేశంపై శాశ్వత నిషేధం దాకా వెళ్లవచ్చు. ఇప్పటికే ఎవరి చేతనైనా ఫారం నింపించి ఉంటే, అందులో మెయిల్ చిరునామా అమ్మాయిదా, వారిదా అన్నది ఈ రోజే చూసుకోండి. ఇంటర్వ్యూ లేఖ ఆ చిరునామాకే వస్తుంది.

చేయగలిగినవి కొన్ని ఉన్నాయి, అవన్నీ అల్లుడిగారే చేయవలసినవి. ప్రాణాపాయమైన జబ్బు వంటి కారణం ఉంటే, వైద్యుడి లేఖ జతచేసి తేదీ ముందుకు జరపమని ఎన్‌వీసీని కోరవచ్చు, నిర్ణయం కాన్సులేట్‌ది. తమ నియోజకవర్గపు అమెరికా కాంగ్రెస్ (అక్కడి పార్లమెంటు) సభ్యుడి కార్యాలయంలో సమ్మతి పత్రంపై సంతకం చేసి ఇస్తే, వారు ఉచితంగా ఫైలు గురించి ఆరా తీస్తారు. దీనితో వరుస దాటడం జరగదు, కాని ఫైలు ఎక్కడైనా మరుగున పడి ఉంటే బయటికి వస్తుంది. ఫెడరల్ కోర్టులో మాండమస్, అంటే ఆలస్యంపై దావా, వేయడమనే చివరి దారి కూడా ఉంది. కోర్టు నిర్ణయం తీసుకోమని ఆదేశించగలదు గాని వీసా ఇమ్మని చెప్పదు. పైగా నాలుగు నెలలు అంత దూరం వెళ్లవలసిన ఆలస్యం కాదు. ఇంటర్వ్యూ అయ్యాక, వీసాను అప్పటికి ఆపి ఉంచే 221(జి) సెక్షన్ కింద కాగితమేదైనా అడిగితే మాత్రం ఏడాది లోపల ఇచ్చి తీరాలి, లేకపోతే దరఖాస్తు మళ్లీ మొదటికి వస్తుంది.

ప్రశ్న: మాకు తిరుమలలో పెళ్లి జరిగింది, రసీదు, ఫొటోలు ఉన్నాయి. నా జనన ధ్రువపత్రంలో పేరు లేదు. పాత పత్రాలలో చిత్తూరు జిల్లా, కొత్తవాటిలో తిరుపతి జిల్లా అని ఉంది. ఇవి వీసాకు అడ్డవుతాయా?
– ఒక పాఠకురాలు, శ్రీకాళహస్తి

సమాధానం: జిల్లా పేరు గురించి ఏమీ చేయనక్కరలేదు. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడింది కాబట్టి, ఏ పత్రమైనా అది ఇచ్చిన నాటి జిల్లా పేరుతో ఉండడమే సరైనది. దిద్దించబోతే కొత్త తేడాలు పుడతాయి. పెళ్లి రసీదు మాత్రం చాలదు, వివాహ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ కావాలి. జనన పత్రంలో పేరు చేర్చమని మీ పుట్టుక నమోదైన మున్సిపాలిటీలోనో పంచాయతీలోనో దరఖాస్తు చేయండి. అక్కడ నమోదే లేకపోతే, నమోదు లేదన్న ధ్రువపత్రానికి పదో తరగతి సర్టిఫికెట్, తల్లిదండ్రుల అఫిడవిట్లు జతచేయాలి. ఇంటిపేరు ఒక చోట పొడి అక్షరంగా, మరొక చోట పూర్తిగా ఉంటే, డీఎస్-260లో పాస్‌పోర్టులో ఉన్నట్లు రాసి, తక్కిన రూపాలను ఇతర పేర్ల గడిలో చూపండి. తెలుగులో ఉన్న ప్రతి పత్రానికి ఇంగ్లీషు అనువాదం, అది సరైనదేనని అనువాదకుడి సంతకంతో కూడిన వాంగ్మూలం కావాలి. రెండింటినీ మూలపత్రంతో కలిపి ఒకే ఫైలుగా అప్‌లోడ్ చేయండి.