వసంతకాలం పిక్నిక్‌కి క్యాన్ వైన్: ఏది కొనాలి, ఏ తిండితో తాగాలి

చలి తగ్గి నాలుగు రోజులు వరసగా ఎండ కాస్తే చాలు, ఆఫీసులో ఎవరో ఒకరు పార్కులో లంచ్ పెట్టుకుందాం అంటారు. ఎవరికి కావాల్సిన డ్రింక్ వాళ్లే తెచ్చుకోమని మెసేజ్ వస్తుంది. విదేశాలకి కొత్తగా వచ్చిన మనవాళ్లు సరిగ్గా అప్పుడే నన్ను అడుగుతుంటారు: సీసా తీసుకెళ్తే ఓపెనర్ వెతుక్కోవాలి, పగిలితే గొడవ, ఈ క్యాన్లలో అమ్మే వైన్ మంచిదేనా, లేక మిగిలిపోయిన సరుకు పోసి అమ్ముతున్నారా?

మంచివి చాలానే ఉన్నాయి, ధైర్యంగా కొనుక్కోవచ్చు. కాకపోతే క్యాన్‌కి నప్పే వైన్ ఉంది, నప్పని వైన్ ఉంది. అంతకంటే ముఖ్యం, క్యాన్ చూడ్డానికి కూల్‌డ్రింక్‌లా ఉంటుంది కాబట్టి లోపల ఎంత ఉందో సరిగ్గా అంచనా వేయలేం. కొత్తవాళ్లకి ఇబ్బంది వచ్చేది ఇక్కడే, అందుకే ముందు దీని సంగతి చెబుతాను.

మామూలు వైన్ సీసా 750 మి.లీ. క్యాన్లలో ఎక్కువగా కనిపించే సైజులు మూడు. 187 అంటే సీసాలో పావు వంతు, 250 అంటే మూడో వంతు, 375 అంటే సరిగ్గా సగం సీసా. బీరులో ఆల్కహాల్ 5 శాతం దగ్గర ఉంటే, వైన్‌లో 12, 13 శాతం ఉంటుంది. అమెరికాలో ఒక డ్రింక్ అంటే 14 గ్రాముల ఆల్కహాల్, అంటే 12 శాతం వైన్ అయితే దాదాపు 150 మి.లీ. ఆ లెక్కన 13 శాతం ఉన్న 375 మి.లీ. క్యాన్ ఒక్కటి తాగితే రెండున్నర డ్రింకులు దాటిపోయినట్టే. బ్రిటన్‌లో ఉన్నవాళ్లు యూనిట్లలో చూసుకోవాలి. మి.లీ.ని ఆల్కహాల్ శాతంతో గుణించి వెయ్యితో భాగిస్తే యూనిట్లు వస్తాయి. 12 శాతం ఉన్న 250 మి.లీ. క్యాన్ అంటే 3 యూనిట్లు. అక్కడి డాక్టర్లు వారం మొత్తానికి 14 దాటొద్దంటారు. ఈ లెక్క చేతిలో క్యాన్ పట్టుకుని ఎవరూ వేసుకోరు, కొనేటప్పుడే వేసుకోవాలి. ఇంకో చిక్కు ఏమిటంటే, సీసాకి మళ్లీ మూత పెట్టొచ్చు గానీ క్యాన్ తెరిచాక మూయలేం. తెరిచాం కదా అని మొత్తం తాగేస్తాం. అందుకే ఒక్కరికైతే నా ఓటు 187కి, లేదంటే 250కి. 375 కొంటే ఇద్దరు పంచుకోండి.

ఇప్పుడు లోపలి సరుకు. వైన్‌లో పులుపు ఎక్కువ, అది నేరుగా అల్యూమినియానికి తగిలితే లోహాన్ని తినేస్తుంది. అందుకని క్యాన్ లోపల పలచని ప్లాస్టిక్ పూత వేస్తారు. వైన్ పాడవకుండా వేసే సల్ఫర్ డయాక్సైడ్ కొద్దికొద్దిగా ఆ పూతని దాటి అల్యూమినియంతో కలుస్తుంది. అప్పుడు హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది, అంటే కుళ్లిన కోడిగుడ్డు వాసన. అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీ పరిశోధకులు దీన్ని పరిశీలించి, క్యాన్‌లో పోసే వైన్‌లో సల్ఫర్ డయాక్సైడ్ తగ్గించమని తయారీదారులకు సలహా ఇచ్చారు. మనకి ఇందులో పనికొచ్చే విషయం ఒకటే. క్యాన్‌లో ఎన్నాళ్లుంటే ఈ వాసన వచ్చే అవకాశం అంత పెరుగుతుంది. కాబట్టి క్యాన్ వైన్ దాచుకునే వస్తువు కాదు. అడుగున ప్యాక్ చేసిన తేదీ ఉందేమో చూడండి, లేకపోతే ద్రాక్ష కోసిన సంవత్సరం చూడండి. పోసి ఏడాది దాటినది డిస్కౌంట్‌లో కనిపించినా వదిలేయండి.

వసంతంలో కొనడం ఇందుకే కలిసొస్తుంది. ఉత్తరార్ధగోళంలో శరదృతువులో కోసిన ద్రాక్షతో చేసిన తేలికపాటి వైట్లు, రోజేలు (గులాబీ రంగు వైన్లు) సరిగ్గా ఈ నెలల్లోనే కొత్తగా మార్కెట్లోకి వస్తాయి. తాజాదనమే వీటి అందం. సావిన్యోన్ బ్లాంక్, పీనో గ్రీజియో అనే వైట్లు, డ్రై (తీపి లేని) రోజే, బుడగలొచ్చే వైట్, ఇవి క్యాన్‌లో చక్కగా ఉంటాయి. రోజేకి ఇంకో లాభం కూడా ఉంది. రంగులేని గాజు సీసాలో వెలుతురు పడి రుచి చెడే ప్రమాదం క్యాన్‌లో అసలుండదు. ఏళ్ల తరబడి దాచి తాగాల్సిన బరువైన రెడ్లు మాత్రం క్యాన్‌లో కొనకండి. అవి గాజు సీసాలోనే ఉండాలి.

క్యాన్ తెరిచినప్పుడు బుడగలు లేని వైన్ కూడా ఫుస్సుమంటుంది. పాడైందేమోనని కంగారు పడకండి. పలచని అల్యూమినియం నొక్కుకుపోకుండా గట్టిగా నిలవాలని మూత వేసే ముందు ఒక చుక్క ద్రవ నైట్రోజన్ వేస్తారు, ఆ ఒత్తిడే అది. తెరిచాక గ్లాసులోనో, ప్లాస్టిక్ కప్పులోనో తప్పకుండా పోసుకోండి. రుచి అని మనం అనుకునేదాంట్లో చాలా భాగం వాసనే. క్యాన్‌కి ఉన్న ఆ చిన్న రంధ్రంలోంచి తాగితే ముక్కుకి ఏమీ అందదు, మంచి వైన్ కూడా చప్పగా అనిపిస్తుంది. పోశాక గుడ్డు వాసన లీలగా వస్తే గ్లాసు నాలుగుసార్లు తిప్పి కాసేపు ఆగండి, పోతుంది. ఘాటుగా ఉంటే మాత్రం పారబోయండి.

పేర్ల విషయంలో కాస్త జాగ్రత్త. షాంపేన్, ప్రొసెక్కో నిబంధనల ప్రకారం గాజు సీసాలోనే అమ్మాలి. క్యాన్ మీద ఆ పేరు కోసం వెతక్కండి, 'స్పార్క్‌లింగ్ వైన్' అని ఉంటుంది. అదే షెల్ఫులో స్ప్రిట్జర్లు (సోడా కలిపిన వైన్), వైన్ కూలర్లు (పళ్లరసం లాంటివి కలిపిన వైన్), హార్డ్ సెల్ట్జర్లు (ఆల్కహాల్ ఉన్న సోడా) కూడా ఒకే రకం రంగురంగుల క్యాన్లలో ఉంటాయి. కొన్నింట్లో చక్కెర బాగా ఉంటుంది, కొన్ని 5 శాతమే. ముందు వైపు పువ్వుల బొమ్మ చూసి కొనకుండా వెనక్కి తిప్పి ఆల్కహాల్ శాతం చదవండి.

చల్లదనం ముఖ్యం. ఐస్ ఒక్కటే కాకుండా ఐస్, నీళ్లు, గుప్పెడు ఉప్పు కలిపిన బకెట్లో పెడితే పావుగంటలో క్యాన్ చల్లబడుతుంది. ఫ్రీజర్లో పెట్టి మర్చిపోతే ఉబ్బి పగులుతుంది. బుడగల వైన్ 6 నుంచి 8 డిగ్రీల సెల్సియస్, వైట్, రోజే 8 నుంచి 12, పీనో న్వార్, గమే లాంటి తేలిక రెడ్ 13 దగ్గర బాగుంటాయి. రెడ్‌ని చల్లబరచకూడదనే మాట ఈ తేలికపాటి వాటికి వర్తించదు.

ఇక తిండి. ఒక్క సూత్రం పట్టుకుంటే సగం పని అయిపోతుంది: తినేదాని పులుపు కంటే వైన్ పులుపు ఎక్కువుండాలి. నిమ్మరసం, వెనిగర్ కలిపిన సలాడ్‌తో పులుపు తక్కువున్న వైన్ తాగితే నీళ్లలా ఉంటుంది. అక్కడ సావిన్యోన్ బ్లాంక్ నిలబడుతుంది. వసంతంలో వచ్చే ఆస్పరాగస్ అనే పచ్చని కాడల కూరతో వైన్ కుదర్చడం కష్టమని పేరు. దాంట్లో గంధకపు వాసన పదార్థాలుంటాయి, టానిన్ (నోట్లో వగరు పుట్టించే పదార్థం) ఉన్న రెడ్ పక్కన పెడితే నోట్లో లోహపు రుచి వస్తుంది. పచ్చి వాసన సహజంగానే ఉన్న సావిన్యోన్ బ్లాంక్ దానికి సరిజోడు. పచ్చిబఠాణీ, పుదీనా, మేకపాల చీజ్, వీటన్నిటికీ అదే. మేకపాల చీజ్‌తో సావిన్యోన్ బ్లాంక్ ఫ్రాన్స్‌లోని లువార్ లోయలో ఎప్పటినుంచో ఉన్న జత, ఒకసారి కలిపి రుచి చూస్తే ఎందుకో తెలుస్తుంది. ఆర్టిచోక్ అనే మొగ్గలాంటి కూరగాయ మాత్రం ఎవరి మాటా వినదు. దాంట్లోని సైనారిన్ అనే పదార్థం వల్ల తర్వాత తాగేదల్లా తియ్యగా అనిపిస్తుంది.

వేయించినవాటికి బుడగల వైన్ పెట్టుకోండి, నోట్లో జిడ్డుని కడిగేస్తుంది. గ్రిల్ చేసిన రొయ్యలు, చికెన్ సలాడ్, శాండ్‌విచ్‌లకి డ్రై రోజే. ఏం తెస్తారో తెలియని పిక్నిక్‌కి కూడా నేను రోజేనే సూచిస్తాను. చేపతో రెడ్ వైన్ తాగితే నీచువాసన ఎక్కువ కావడానికి వైన్‌లోని ఇనుము కారణమని 2009లో జపాన్ పరిశోధకులు తేల్చారు, కాబట్టి చేపకి వైట్ మంచిది. పుట్టగొడుగులకి చల్లని పీనో న్వార్.

కారం దగ్గర మనవాళ్లందరూ పొరబడతారు. ఘాటైన తిండికి ఘాటైన రెడ్ అనుకుంటారు. ఆల్కహాల్, టానిన్ రెండూ మంటని పెంచుతాయి. కారం ఉన్నప్పుడు తక్కువ ఆల్కహాల్, కొద్దిగా తీపి ఉన్న చల్లని రీస్లింగ్ అనే వైట్ తెచ్చుకోండి, మంట సర్దుకుంటుంది. బుడగలు కూడా కొందరికి మంటని ఎక్కువ చేస్తాయి. తీపి పదార్థాలతో అయితే వైన్ వాటికంటే తియ్యగా ఉండాలి. స్ట్రాబెర్రీలతో మోస్కాటో అనే తియ్యని వైన్ బాగుంటుంది.

శాకాహారులు అడిగే ప్రశ్న ఒకటుంది, న్యాయమైన ప్రశ్న. వైన్ తేటపడటానికి గుడ్డు తెల్లసొన, పాల ప్రోటీన్, జిలటిన్, చేప నుంచి తీసిన ఐసిన్‌గ్లాస్ వాడే పద్ధతి ఉంది. అన్ని కంపెనీలూ వాడవు. క్యాన్ మీద 'వీగన్' అని రాసి ఉంటే నిశ్చింతగా తీసుకోవచ్చు. ఆస్తమా ఉన్నవాళ్లు సల్ఫైట్ల (పైన చెప్పిన సల్ఫర్ డయాక్సైడ్ లాంటివి) హెచ్చరిక చూసుకోవాలి. గర్భిణులు అసలు తాగకూడదు.

పార్కులో తాగొచ్చా లేదా అన్నది ఊరిని బట్టి మారుతుంది. వెళ్లేముందు ఆ పార్కు నిబంధనలు చదవండి. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో తెరిచిన క్యాన్ కారులో కూర్చునే చోట ఉంటే చాలు, నేరమే, డ్రైవరు తాగకపోయినా సరే. సగం మిగిలిందని కప్‌హోల్డర్లో పెట్టుకోకండి, పారబోసి బయల్దేరండి. వీసా మీద ఉన్నవాళ్లు తాగి నడిపి అరెస్టైతే, కోర్టు తీర్పు రాకముందే వీసా రద్దు చేసే విధానం అక్కడ 2015 నుంచి ఉంది. ఆస్ట్రేలియాలో, స్కాట్లాండ్‌లో రక్తంలో ఆల్కహాల్ పరిమితి 0.05 శాతమే. తాగితే స్టీరింగ్ ముట్టుకోవద్దు, బస్సో ట్యాక్సీనో చూసుకోండి.

తాగని వాళ్లు దీని గురించి టెన్షన్ పడక్కర్లేదు. ఎందుకు తాగవని గుచ్చి అడిగేవాళ్లు తక్కువ, అడిగినా 'వద్దండీ' అంటే చాలు. ఆల్కహాల్ తీసేసిన వైన్ కూడా క్యాన్లలో దొరుకుతుంది, దాంట్లో 0.5 శాతం దాకా మిగిలి ఉండొచ్చు. చుక్క కూడా వద్దనుకునేవాళ్లు '0.0' అని ఉన్నదే తీసుకోండి.